ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలిసేదీ, తెలియనిదీ

అన్నం ఉడికిందో లేదో చూడాలంటే గిన్నె అంతా ఖాళీ చేయక్కర్లేదు. ఒక్క మెతుకు పట్టి నొక్కి చూస్తే చాలు. వంటింట్లో ఈ సామెతకు తిరుగులేదు. ఒకే ఎసరు, ఒకే మంట, ఒకే రకం బియ్యం, మధ్యలో గరిటె పెట్టి కలిపాం కూడా. అందుకే ఆ ఒక్క మెతుకు మిగతా వేల మెతుకుల తరఫున సాక్ష్యం చెప్పగలుగుతుంది.

ఇదే సామెతను మనం మనుషుల మీద కూడా వాడతాం. "ఆ ఊరివాళ్ళతో ఒక్కసారి లావాదేవీ పెట్టుకున్నాను, చాలు, తెలిసిపోయింది" అంటాం. ఆ ఊరివాళ్ళు ఒకే ఎసట్లో ఉడికినవాళ్ళు కారన్న సంగతి మాట్లాడేటప్పుడు తట్టదు.

ఈ మధ్య 'బయాస్' అన్న మాట ఆఫీసు శిక్షణ తరగతుల్లోంచి టీవీ చర్చల్లోకి, అక్కడి నుంచి ఇంట్లో కూరల గొడవల్లోకి కూడా వచ్చేసింది. "నీకు బయాస్ ఉంది" అని ఒకరంటే అది తిట్టు. "బయాస్ అందరికీ ఉంటుంది, మెదడు తీరే అంత" అని ఇంకొకరంటే అది క్షమాపణ పత్రం. ఒకే మాట తిట్టుగానూ క్షమాపణగానూ పనికొస్తోందంటే లోపల రెండు మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయన్నమాట. వాటిని విడదీసి చూద్దాం.

"మీరేమిట్లండీ?"

ఒక కల్పిత ఉదాహరణ. విజయవాడలో ఒక పెద్దాయన మేడమీద వాటా అద్దెకిస్తున్నారు. కిందటిసారి దిగిన ఇద్దరు కుర్రాళ్ళు రెండు నెలల అద్దె ఎగ్గొట్టి రాత్రికి రాత్రి ఖాళీ చేశారు. ఆ సంగతి ఆయనకు నిన్న జరిగినంత తాజాగా ఉంది. అంతకు ముందు పన్నెండేళ్ళలో నెల తిరక్కుండా డబ్బు కట్టిన తొమ్మిదిమంది బ్రహ్మచారులు మాత్రం గుర్తుకు రారు. సులువుగా గుర్తొచ్చేదే ఎక్కువగా జరుగుతుందని అనిపించడం బయాస్. ఇది లెక్కలో జరిగే పొరపాటు. ఎవరి మీదా కోపం లేకపోయినా జరుగుతుంది.

"పెళ్ళికాని కుర్రాళ్ళందరూ అంతే" అని ఆయన అనుకుంటే అది మూస. ఒక గుంపు మొత్తానికి ఒకే అచ్చు పోయడం. ఆ మూసకు ఇష్టమో అయిష్టమో తోడై, ఎదుటి మనిషిని చూడకముందే మనసు తీర్పు రాసేసుకుంటే అది పూర్వాభిప్రాయం. ఆ తీర్పు చేతల్లోకి దిగి, గేటు దగ్గరే "ఇల్లు లేదు బాబూ" అనిపిస్తే అది వివక్ష.

ఇవి ఎప్పుడూ ఇదే వరసలో మెట్లెక్కినట్టు రావు. మర్నాడు అదే పెద్దాయన దగ్గరకు పిల్లాపాపలతో ఒక కుటుంబం వస్తుంది. నెమ్మదస్తులు, బ్యాంకు ఉద్యోగం. అన్నీ నచ్చాక ఆయన చిన్నగా అడుగుతారు: "ఇంతకీ మీరేమిట్లండీ?" ఆ కులం వాళ్ళతో ఆయనకు చేదు అనుభవం లేదు. అసలు అనుభవమే లేదు, ఎప్పుడూ ఇల్లిస్తే కదా. ఇక్కడ మెతుకు పట్టి చూడటం కూడా జరగలేదు. గిన్నె మూత తీయకుండానే అన్నం చెడిందన్నారు. దీన్ని మెదడు చేసిన లెక్క తప్పు అనడం కష్టం. ఇది తాతల నుంచి ఇల్లుతో పాటు వచ్చిన ఆస్తి.

ఇంకో రకం కూడా ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఎవరి మీదా అయిష్టం లేదు. "ఓనరుగారు ఇవ్వొద్దన్నారండీ" అంటాడు. పూర్వాభిప్రాయం లేకుండానే వివక్ష జరిగిపోయింది. అలాగే మనసులో ఎంతో చిన్నచూపు ఉన్నా ఉద్యోగరీత్యా అందరితో సమానంగా మసలేవాళ్ళు ఉంటారు. అప్పుడు పూర్వాభిప్రాయం ఉంది, వివక్ష లేదు.

మన పాత మాట 'పక్షపాతం' వీటన్నిటికీ సరిపోదు. పక్షం వైపు ఒరగడం దాని అర్థం. తెలిసి ఒరిగాడన్న నింద అందులో ఉంది. బయాస్‌లో ఆ నింద ఉండక్కర్లేదు, నేల ఏటవాలుగా ఉంటే గోళీ దానంతటదే దొర్లినట్టు.

ఎవరి మీదా కోపం లేకుండా జరిగే పొరపాట్లు

కులం, మతం, యాస ఏవీ లేని చోట కూడా బుద్ధి ఎలా ఒరుగుతుందో చూపించినవాళ్ళలో ముఖ్యులు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్. 1974లో 'సైన్స్' పత్రికలో వాళ్ళు రాసిన వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. ఒక అంకెల చక్రం తిప్పుతారు. అది 10 దగ్గరో 65 దగ్గరో ఆగేలా ముందే ఏర్పాటు చేశారు. తర్వాత ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో చెప్పమన్నారు. చక్రం 10 దగ్గర ఆగినవాళ్ళ అంచనా మధ్యస్థంగా 25 శాతం, 65 దగ్గర ఆగినవాళ్ళది 45. చక్రానికీ ఆఫ్రికాకీ ఏ సంబంధమూ లేదు. అయినా ముందు విన్న అంకె గుంజలా పాతుకుపోయింది, అంచనా దాని చుట్టూనే తిరిగింది. ఇందులో వింతేమీ లేదని సుల్తాన్ బజార్‌లో బేరమాడిన ఎవరైనా చెబుతారు. దుకాణదారు మొదట రెండు వేలనడం అందుకే. పన్నెండొందలకు కొని మనం గెలిచామనుకుని ఇంటికొస్తాం.

ఇంతకన్నా లోతుకు పోయే పొరపాటు ఒకటుంది. 1960లో పీటర్ వేసన్ లండన్‌లో విద్యార్థులకు 2, 4, 6 అని మూడు అంకెలిచ్చి, వాటి వెనక ఉన్న నియమం కనిపెట్టమన్నాడు. ఎన్ని మూడేసి అంకెలైనా చెప్పి చూడొచ్చు, నియమానికి సరిపోతుందో లేదో ఆయన చెబుతాడు. చాలామంది 'రెండేసి పెరుగుతున్నాయి' అనుకుని 8, 10, 12 అన్నారు. సరే. 20, 22, 24 అన్నారు. సరే. ఇక తేలిపోయిందనుకున్నారు. అసలు నియమం మాత్రం 'పెరుగుతూ పోయే ఏ మూడు అంకెలైనా'. 1, 7, 50 అని ఒక్కసారి అడిగుంటే తెలిసేది. కానీ తమ ఊహ తప్పయితే బయటపడే ప్రశ్న అడగాలని ఎక్కువమందికి తోచలేదు. ఊహకు సాక్ష్యాలు పోగుచేసుకోవడమే పరీక్ష అనుకున్నారు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న సామెత మొండివాడి గురించి. వేసన్ విద్యార్థులు మొండివాళ్ళు కారు. నాలుగో కాలు ఉందేమో చూడాలని తట్టనివాళ్ళు.

ఎదురొచ్చిన రోజుల లెక్క

బయాస్ పూర్వాభిప్రాయంగా ఎలా మారుతుందో చూడటానికి శకునాల కన్నా మంచి చోటు లేదు. పిల్లి ఎదురొస్తే పని చెడుతుందంటారు. నిజమో కాదో తేల్చాలంటే నాలుగు లెక్కలు కావాలి.

ఒకాయన వంద సార్లు పని మీద బయల్దేరాడనుకుందాం. అందులో ఇరవై సార్లు పిల్లి ఎదురైంది. ఆ ఇరవైలో ఆరు సార్లు పని చెడింది, పద్నాలుగు సార్లు అయింది. పిల్లి కనబడని ఎనభైలో ఇరవై నాలుగు సార్లు చెడింది, యాభై ఆరు సార్లు అయింది. లెక్క వేయండి. పిల్లి ఉన్నా నూటికి ముప్ఫై, లేకపోయినా నూటికి ముప్ఫై. పిల్లికీ పనికీ ఏ సంబంధమూ లేదు. అయితే ఆయన ఈ వందా రాసుకోడు. మనసు రాసుకునేది మొదటి గడిలోని ఆరు మాత్రమే. "మొన్న పిల్లి ఎదురైంది, చూశావుగా ఏమైందో" అని చెప్పుకోవడానికి కథ దొరికేది ఆ ఆరింటిలోనే. మిగతా తొంభై నాలుగు కథలు కావు, మామూలు రోజులు.

పిల్లి విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. పిల్లి బదులు భర్త పోయిన ఆడమనిషిని పెట్టి చూడండి. అంకెలు అవే, పొరపాటు అదే. ఫలితం మాత్రం ఒక మనిషి శుభకార్యానికి గదిలోంచి బయటకు రాకపోవడం. ఇంకో సంగతి. బయల్దేరేవేళ ముత్తైదువను పిలిచి మరీ ఎదురు రమ్మనే ఇళ్ళున్నాయి. అంటే వితంతువు ఎదురు రాని రోజుల గడులను కూడా కృత్రిమంగా నింపుతున్నాం. ఇక ఎవరు ఎదురొస్తే ఏమవుతుందో తెలుసుకునే దారే లేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదురైంది శాస్త్ర వాదనలూ వెలి బెదిరింపులూ. వాటి కింద ఎవరూ సరిచూడని ఇలాంటి లెక్కలు కూడా ఉన్నాయి.

తక్కువమంది ఉన్న గుంపు మీద చెడ్డపేరు సులువుగా ఎందుకు అంటుకుంటుందో 1976లో హామిల్టన్, గిఫర్డ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపారు. 'ఏ' గుంపు మనుషుల గురించి 26 వాక్యాలు చదివించారు. 18 మంచివి, 8 చెడ్డవి. 'బీ' గుంపు గురించి 13 వాక్యాలు. 9 మంచివి, 4 చెడ్డవి. నిష్పత్తి రెంటికీ ఒకటే. తర్వాత అడిగితే చదివినవాళ్ళు 'బీ' గుంపు చెడ్డపనులను ఉన్నవాటికన్నా ఎక్కువ చేసి చెప్పారు. అరుదైన గుంపు, అరుదైన చెడ్డపని, రెండు అరుదులూ కలిస్తే జ్ఞాపకంలో గట్టిగా పడతాయని వాళ్ళ వివరణ. ఊళ్ళో రెండే ఇళ్ళున్నవాళ్ళలో ఒకడు దొంగతనం చేస్తే ముప్ఫై ఏళ్ళు చెప్పుకోవడం మనకు తెలిసిందే. రెండొందల ఇళ్ళున్నవాళ్ళలో పదిమంది చేసినా అది "ఫలానావాడి కొడుకు" కథగానే మిగులుతుంది.

సౌజన్యారావు పంతులు చేసిన రెండు పొరపాట్లు

సాహిత్యంలో పూర్వాభిప్రాయం అనగానే చెడ్డవాళ్ళ పాత్రలు గుర్తొస్తాయి. గురజాడ అంత సులువుగా వదల్లేదు. కన్యాశుల్కంలో, 1909 నాటి రెండో కూర్పులో, ఈ జబ్బును ఆయన అందరికన్నా మంచివాడికే అంటగట్టారు.

ముందు చిన్న ముచ్చట. అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడే ఘట్టం అందరికీ గుర్తుంటుంది. వెంకటేశం పరీక్ష తప్పినవాడు. వాడు వల్లించేవి చిన్నప్పటి పద్యాలూ వాచకంలో వాక్యాలూ. విన్నవాళ్ళకు మాత్రం అది విద్వత్సంభాషణ. ఒక గుణం మెరిస్తే ఆ వెలుగులో మిగతా గుణాలన్నీ ఉన్నట్టే కనబడటాన్ని 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ సైనికాధికారుల మార్కుల్లో పట్టుకున్నాడు. సైనికుడి దేహదారుఢ్యానికి బాగా మార్కులేసిన అధికారి వాడి తెలివికీ నడతకూ కూడా ఎక్కువే వేశాడు. ఇంత దగ్గరగా ఇన్ని గుణాలు ఒక్కడిలో కలిసి ఉండటం జరగదని థార్న్‌డైక్ అనుమానం. ఇంగ్లీషు గడగడా మాట్లాడే సంబంధం చూసొచ్చి "కుర్రాడు చాలా బుద్ధిమంతుడండీ" అనడం ఆ అధికారి పనే.

అసలు సంగతి సౌజన్యారావు పంతులుది. నిజాయితీ గల వకీలు, సంస్కర్త, వేశ్యాసంపర్కానికి ఆమడదూరం ఉంటానని పట్టుపట్టినవాడు. లుబ్ధావధాన్లు హత్యానేరంలో ఇరుక్కున్నాడు. చంపారంటున్న పెళ్ళికూతురు అసలు ఆడవేషం వేసిన కుర్రాడనీ, బతికే ఉన్నాడనీ వేశ్య మధురవాణికి తెలుసు. ఆమె ఆమెగా వెళితే పంతులు గడప తొక్కనివ్వడు. అందుకని మగవేషంలో వెళుతుంది. ఆ వేషంలో ఉన్నంతసేపూ ఆయన మర్యాదగా, తర్కంగా మాట్లాడతాడు. ఎదుటి మనిషి తెలివి ఆయనకు కనబడుతుంది. వేషం తీశాక కూడా ఆ తెలివి అదే, మాట అదే, తెచ్చిన సాక్ష్యమూ అదే. మారింది తలపాగా మాత్రమే.

రెండో పొరపాటు దీనికి అద్దంలో ప్రతిబింబం. గిరీశం అదే ఇంట్లో చేరి, సంస్కరణ మాటలు చెప్పి, పంతులు నమ్మకం సంపాదించాడు. మనలాంటి మాటలు మాట్లాడేవాడు మనవాడే అన్న నమ్మకం అది. సాధారణంగా పూర్వాభిప్రాయం అంటే వ్యతిరేకతే అనుకుంటాం. పంతులు విషయంలో నష్టం చేయబోయింది అనుకూలమైనదే. అగ్నిహోత్రావధాన్లు వితంతు కూతురు బుచ్చమ్మ జీవితం గిరీశం చేతుల్లో పడబోయింది. మధురవాణి నోరు విప్పాక గానీ ఆయన కళ్ళు తెరుచుకోలేదు. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒకటే. పంతులు మనుషుల్ని చూడలేదు, వాళ్ళు నిలబడ్డ పక్షాన్ని చూశాడు.

ఇంగ్లీషులో జేన్ ఆస్టిన్ 1813లో అచ్చువేసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' కూడా ఇలాంటి జంట పొరపాటు మీదే నడుస్తుంది. అవమానించినవాడు చెడ్డవాడనీ తియ్యగా మాట్లాడినవాడు మంచివాడనీ ఎలిజబెత్ తేల్చేసుకుంటుంది. ఆ నవలకు మొదట అనుకున్న పేరు 'తొలి అభిప్రాయాలు'. అయితే ఆస్టిన్ కథలో కళ్ళు తెరవడానికి ఒక ఉత్తరం సరిపోయింది. గురజాడ కథలో అందుకు ఒక మనిషి వేషం మార్చుకోవలసి వచ్చింది.

తలపాగా మార్చినట్టు పేరు మారిస్తే

మధురవాణి చేసింది, నాటకమన్న మాట పక్కన పెడితే, చక్కటి ప్రయోగం. మనిషిని అలాగే ఉంచి గుర్తు ఒక్కటే మార్చింది. సరిగ్గా ఇదే పనిని సుఖదేవ్ థోరాట్, పాల్ అటవెల్ మన దేశంలో ఉద్యోగ దరఖాస్తులతో చేశారు. 2007లో అచ్చయిన వాళ్ళ అధ్యయనంలో ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు జవాబుగా 4,808 దరఖాస్తులు పంపారు. చదువులు సమానం. పేర్లు మాత్రం కొన్ని అగ్రకుల హిందువులని, కొన్ని దళితులని, కొన్ని ముస్లింలని తెలిసేలా పెట్టారు. తర్వాతి దశకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి అగ్రకుల పేరుకు 1 అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33.

ఇలాంటి ప్రయోగాలకు ఒక బలం ఉంది. "వాళ్ళకు అర్హత లేకేమో" అన్న వాదనకు తావుండదు, అర్హత కాగితం మీద ఒకటే కాబట్టి. పరిమితి కూడా ఉంది. దరఖాస్తు పక్కన పెట్టిన మనిషి ఎందుకు పెట్టాడో ఇవి చెప్పలేవు. ద్వేషమా, మూసా, పై అధికారికి నచ్చదేమోనన్న భయమా, ఫలితం చూసి కారణం చెప్పలేం.

తెలుగువాళ్ళకు ఈ గుర్తు ఇంటిపేరులోనే ఉంటుంది. ఇంటిపేరు చాలకపోతే ఊరు, ఊరు చాలకపోతే "ఫలానావాళ్ళు మీకేమవుతారు" అన్న ప్రశ్న. సముద్రాలు దాటినా ప్రశ్న కూడా వెంట వెళ్ళింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను పేరుపెట్టి నిషేధించింది. అమెరికాలో అలా చేసిన తొలి నగరం అదే. కాలిఫోర్నియా శాసనసభ ఇలాంటి బిల్లునే ఆమోదిస్తే అదే ఏడాది అక్టోబరులో గవర్నరు తిప్పి పంపారు, ఉన్న చట్టాలే చాలన్నారు. అక్కడి భారతీయుల్లో ఒక పక్షం పేరుపెట్టకపోతే ఫిర్యాదు కూడా చేయలేమంది. మరో పక్షం, కులం మాట చట్టంలో రాయడమే ఒక జాతి మొత్తాన్ని అనుమానించడమని, అదీ ఒక మూసేనని వాదించింది. రెండో వాదన ఎత్తుగడ మాత్రమే అని కొట్టిపారేయడం తేలిక. అయితే గుంపుకు పేరు పెట్టడం వల్ల వచ్చే చిక్కు నిజంగానే ఉంది.

పేరు చదివితే చాలు

ఆ చిక్కు ఎంతటిదో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో చేసిన ప్రయోగం చెబుతుంది. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు, 321 మంది అగ్రకులాలవాళ్ళు, 321 మంది దళితులు. కాగితం మీద దారి కనిపెట్టే పజిళ్ళు ఇచ్చి, చేసినన్నిటికి డబ్బులిచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు రెండు వర్గాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. పజిళ్ళకు ముందు అందరి ఎదుట పేరు, తండ్రి పేరు, ఊరు, కులం చదివినప్పుడు దళిత పిల్లల పని బాగా తగ్గిపోయింది. ఎవరూ తిట్టలేదు, బెదిరించలేదు. చదివారంతే. అయితే పిల్లలు తమ తెలివిని శంకించారా, లేక "ఎంత చేసినా మనకు ఇవ్వరులే" అనుకున్నారా? మొదటిదైతే గాయం పిల్లవాడి మనసులో ఉంది. రెండోదైతే అది చుట్టూ ఉన్న లోకాన్ని చూసి వేసుకున్న సరైన అంచనా, బయాసే కాదు.

ఇంకో అధ్యయనం మన అంచనాలను ఇంకా తికమక పెడుతుంది. రేమా హన్నా, లీ లిండెన్ మన దేశంలోనే పిల్లల జవాబు పత్రాల మీద కులం వివరాలను లాటరీ పద్ధతిలో మార్చి టీచర్ల చేత దిద్దించారు. కింది కులమని రాసి ఉన్న పత్రాలకు మార్కులు కాస్త తగ్గాయి. తేడా చిన్నదే, కానీ ఉంది. అది ఎక్కువగా కనబడింది కింది కులాల టీచర్లు దిద్దినవాటిలో! చిన్నచూపు పైనుంచి కిందికే ప్రవహిస్తుందనుకునేవాళ్ళకు ఇది మింగుడుపడదు. మరో వివరం, దిద్దడం మొదలుపెట్టినప్పటి పత్రాల్లో తేడా ఎక్కువ. ఏ జవాబుకు ఎన్ని మార్కులో ఇంకా కుదురుకోనప్పుడు, చేతికి ఆధారం లేనప్పుడు, బుద్ధి అట్ట మీది కులాన్ని ఊతకర్రలా పట్టుకుంది.

"అనుభవం మీద చెబుతున్నా"

ఇక్కడ పండితుల మధ్య ఒక పాత తగువుంది. కానెమన్ వర్గం దృష్టిలో మనసు వాడే దగ్గరిదారులు తరచూ తప్పుదారులు. ఈ పనికే ఆయనకు 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెన్‌జర్ ఒప్పుకోడు. అరకొర సమాచారంతో, తక్కువ సమయంలో బతకాల్సిన జీవికి దగ్గరిదారులే తెలివి అంటాడు. శాతాల్లో అడిగితే తడబడే మనుషులే, 'వందమందిలో ఎంతమంది' అని అడిగితే బాగానే లెక్క వేస్తారని ఆయన వాదన. ఆ లెక్కన మెతుకు పట్టి చూడటం లోపం కాదు, నైపుణ్యం.

అద్దె ఇంటి పెద్దాయన కూడా ఇదే అంటారు: "నాకెవరి మీదా ద్వేషం లేదు నాయనా, అనుభవం మీద చెబుతున్నా." ఆర్థికవేత్తలు ఈ తేడాను గుర్తించారు. అయిష్టం వల్ల దూరం పెట్టడం ఒకటి, సమాచారం లేక గుంపు సగటును మనిషికి అంటించడం మరొకటి. రెండో దాంట్లో కొంత తర్కం ఉందన్న మాట కాదనలేం.

కానీ ఆ తర్కం ఒక చోట తెగుతుంది. వంటింట్లో ఒక మెతుకు పలుకుగా ఉంటే ఐదు నిమిషాలాగి ఇంకో మెతుకు చూస్తాం. పెద్దాయన బ్రహ్మచారులకు ఇల్లివ్వడం మానేశారు కాబట్టి వాళ్ళ గురించి కొత్తగా తెలుసుకునే అవకాశం కూడా పోయింది. ఇల్లిచ్చిన కుటుంబాల్లో ఒకటి అద్దె ఎగ్గొడితే ఆయన అంచనా సర్దుకుంటుంది, ఆ గుంపు ఇంకా వస్తూ పోతూ ఉంది కాబట్టి. ఇవ్వనివాళ్ళ మీద వేసిన అంచనా ఇరవై ఏళ్ళయినా తప్పని తేలదు, ఒప్పనీ తేలదు. ఆయన దాన్ని అనుభవం అంటారు గానీ అది ఆగిపోయిన గడియారం.

గబ్బిలానికి ఉన్న దారి

ఇంతవరకూ చెప్పిందంతా విని "సరే, అంతా బుర్రలో ఉంది, బుర్ర బాగుచేస్తే పోతుంది" అనిపించవచ్చు. జాషువా గబ్బిలం చదివాక అలా అనిపించదు. 1941లో వచ్చిన ఆ కావ్యంలో అంటరానివాడైన కథానాయకుడు తన గోడు శివుడికి చెప్పుకోవడానికి గబ్బిలాన్ని దూతగా పంపుతాడు. హంసలూ మేఘాలూ దూతలైన సంప్రదాయంలో, ఇంట్లో దూరితే అరిష్టమని తోలేసే పక్షిలాంటి ప్రాణిని ఎంచుకోవడంలోనే సగం కావ్యం ఉంది. దానికి గుడిలోకి అడ్డు లేదు. అతనికి ఉంది. గుడి వాకిట నిలబడ్డవాడు లెక్క తప్పలేదు, పిల్లి ఎదురొచ్చిన రోజులు మరిచిపోలేదు. అతను నిలబడ్డది ఇతరులు కాపలా కాస్తున్న ఒక ఏర్పాటు ముందు.

అంబేడ్కర్ 1936లో లాహోరు సభ కోసం రాసి, సభే రద్దవడంతో స్వయంగా అచ్చువేసిన 'కుల నిర్మూలన'లో ఈ రెండు కొసలూ ఒకేచోట కనబడతాయి. కులం ఇటుకల గోడ కాదనీ, ఒక మనోభావన అనీ, మనసు స్థితి అనీ ఆయనే అంటాడు. చిత్తవృత్తి మీద తప్పు వేసి అక్కడితో ఆగలేదు. మనుషులు కులం పాటించేది బుద్ధి వంకరై కాదు, అది పాటించమని చెప్పే శాస్త్రాల మీద నమ్మకంతో, కాబట్టి పోరాడాల్సింది ఆ శాస్త్రాల అధికారంతో అన్నాడు. బయాస్ భాష మాట్లాడేవాళ్ళు మొదటి సగం మాత్రమే చెబుతారు, వ్యవస్థ భాష మాట్లాడేవాళ్ళు రెండో సగం.

నా మటుకు నాకు, ఏది ఎక్కడ పనిచేస్తోందో చూడకుండా రెంటిలో ఒకటి ముందే ఎంచుకోవడం కూడా మూత తీయకుండా అన్నం గురించి చెప్పడమే. జవాబు పత్రాల దగ్గర, పజిళ్ళ దగ్గర మనసు సంగతి తెలియాలి. గుడి గుమ్మం దగ్గర, అద్దె ఇంటి గేటు దగ్గర చట్టం, డబ్బు, ఊరి కట్టుబాటు ముందు కనబడతాయి.

తెలుసుకుంటే పోతుందా?

గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. 2002లో ఎమిలీ ప్రోనిన్, తోటి పరిశోధకులు దీన్ని ప్రయోగంగా పెట్టి చూశారు. బయాస్‌ల గురించి వివరంగా చెప్పాక కూడా జనం అవి ఇతరులకున్నంతగా తమకు లేవనే అన్నారు. ఈ వ్యాసం చదువుతూ మీకు ఎవరెవరు గుర్తొచ్చారో ఒకసారి చూసుకోండి. రాస్తూ నాకూ ఇతరులే గుర్తొచ్చారు.

మనకే తెలియని వాలును కొలవడానికని 1998లో ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ బృందం కంప్యూటర్ మీద ఒక పరీక్ష తయారుచేసింది. మాటలను, ముఖాలను ఎంత వేగంగా జతచేస్తామో అది కొలుస్తుంది. ఎంతో పేరొచ్చింది. తర్వాత విమర్శలూ వచ్చాయి. ఒకే మనిషి రెండుసార్లు రాస్తే వేర్వేరు ఫలితాలు వస్తున్నాయని, వచ్చిన అంకెకూ బయటి నడవడికకూ లంకె బలహీనంగా ఉందని. ఆ వాలును శిక్షణతో సరిచేసే మార్గాలు 2016లో కొన్నిటిని పరీక్షిస్తే, మార్పు గంటల్లోనో రోజుల్లోనో చెరిగిపోయింది. ఒక పూట తరగతి పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసులకు ఇది ఇబ్బందికరమైన వార్త.

ఇంకా పాత ఉపాయం ఒకటుంది. గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో రాసిన పుస్తకంలో, వేర్వేరు వర్గాలవాళ్ళు కలిసి మసలితే పూర్వాభిప్రాయం తగ్గుతుందన్నాడు, నాలుగు షరతుల మీద. హోదా సమానంగా ఉండాలి, గమ్యం ఒకటే కావాలి, దానికి కలిసి పనిచేయాలి, పైవాళ్ళ అండ ఉండాలి. షరతులు లేకుండా ఊరికే పక్కపక్కన ఉంటే చాలదు. వందల ఏళ్ళుగా ఒకే ఊళ్ళో పక్కపక్కనే ఉన్న రెండు పేటల సంగతి మనకు తెలియనిదేం కాదు.

ఈ షరతుల తూకం తెలుసుకోవడానికి మాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్ పల్లెల్లో క్రికెట్ లీగులు పెట్టాడు. 2021లో అచ్చయిన అధ్యయనం అది. వెయ్యిమందికి పైగా యువకులు. కొందరిని ఒకే కులం జట్లలో, కొందరిని కులాలు కలిసిన జట్లలో లాటరీ పద్ధతిలో వేశాడు. నెల రోజుల్లో ఎన్నో మ్యాచ్‌లు. కలిసిన జట్లలో ఆడినవాళ్ళకు వేరే కులాల స్నేహితులు పెరిగారు, బహుమతులకు ఓటేసేటప్పుడు సొంత కులంవైపు మొగ్గు తగ్గింది. వేరే కులంవాళ్ళను ఎదుటి జట్టులో మాత్రమే చూసినవాళ్ళలో ఫలితం చాలా మటుకు తలకిందులైంది. అవే ఊళ్ళు, అదే మైదానం, అదే బంతి. ఎవడు ఎవడికి బంతి విసిరాడు, ఎవడు ఎవడి మీదికి విసిరాడు అన్నదే మారింది.